ఆర్‌పీజీ గేమ్‌కి ఏ ఇంజిన్? తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి ఆర్‌పీజీ (ఒక పాత్రగా కథలో నడుస్తూ బలం పెంచుకునే గేమ్) మొదలుపెట్టబోతున్నవాళ్లు, ఒక ఇంజిన్‌లో (గేమ్ కట్టే సాఫ్ట్‌వేర్‌లో) కొంతదూరం వెళ్లి ఆగిపోయినవాళ్లు ఎక్కువగా అడిగేవి ఇవి. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. సేవ్ ఫైల్ గురించి ఉన్నది మాత్రం వదలకండి.

ఇంజిన్ జోలికి వెళ్లకముందు ఏం తేల్చుకోవాలి?

నాలుగు సంగతులు కాగితం మీద రాయండి. ఫైట్ వంతులవారీగా నడుస్తుందా, అప్పటికప్పుడు కత్తి తిప్పాలా? గేమ్ 2డీనా, 3డీనా? ఆడేది పీసీలోనా, ఫోన్‌లోనా, బ్రౌజర్‌లోనా, కన్సోల్‌లోనా? టీమ్‌లో కోడ్ రాయగలిగేవాళ్లు ఎందరు?

వీటిలో మొదటిదే ఎక్కువ తేలుస్తుంది. వంతులవారీ ఫైట్ అంటే మెనూ, లెక్కలు, ఒకదాని తర్వాత ఒకటి నడిచే యానిమేషన్లు, అంతే. అది ఏ ఇంజిన్‌లోనైనా అవుతుంది. రియల్ టైమ్ ఫైట్ అలా కాదు. సెకనుకి 60 ఫ్రేములు నడిచే గేమ్‌లో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. కత్తి దెబ్బ ఎన్నో ఫ్రేమ్‌లో తగలడం మొదలవ్వాలి, ఎన్నో ఫ్రేమ్‌కి ఆగాలి అని కూర్చుని సరిచేయాలి. దానికి మంచి యానిమేషన్ ఎడిటర్, నమ్మదగిన కొలిజన్ (ఒకటి ఇంకోదానికి తగిలిందా లేదా తేల్చే లెక్క) కావాలి.

గ్రాఫిక్స్ ఎంత గొప్పగా వస్తాయన్నది ఐదో ప్రశ్న. చాలామంది దాంతోనే మొదలుపెట్టి దారి తప్పుతారు. ఆర్‌పీజీలో అసలు చాకిరీ అంతా వస్తువుల పట్టికలు, డైలాగులు, మెనూలు, ఏ క్వెస్ట్ (ఆటగాడికి అప్పగించిన పని) ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకోవడం. ఈ విసుగు పనుల్లో ఏది మీకు ఎక్కువ చేదోడుగా ఉంటే అదే మీ ఇంజిన్.

కోడింగ్ రాదు. దేనితో మొదలుపెట్టాలి?

ఆర్‌పీజీ మేకర్ ఎంజెడ్‌తో. ఇది 2020లో వచ్చింది, దీనికి ముందరి ఎంవీ 2015ది. ఖాళీ ప్రాజెక్ట్ తెరిచి ప్లే నొక్కితే చాలు, హీరో నడుస్తాడు, మెనూ తెరుచుకుంటుంది, సేవ్ అవుతుంది. మ్యాప్ గీసే పనిముట్టు, పాత్రల డేటాబేస్, వంతులవారీ ఫైట్, షాపు కూడా అందులోనే ఉంటాయి. మిగతా ఇంజిన్లలో కొత్తవాళ్లు ఇక్కడిదాకా రావడానికే నెలలు పడుతుంది.

డేటాబేస్‌లో ప్రతి విద్యకీ ఒక డ్యామేజీ ఫార్ములా పెట్టె ఉంటుంది. మొదట అందులో ఉండేది దాడి × 4 − రక్షణ × 2. మీ దాడి 20, శత్రువు రక్షణ 15 అయితే దెబ్బ 50. అదే రక్షణ 40 అయితే సున్నా, ఫైట్ ఇక ఎప్పటికీ తెగదు. తీసివేత ఫార్ములాలతో వచ్చే చిక్కు ఇదే. దాడిని దాడితో హెచ్చవేసి, వచ్చినదాన్ని దాడి, రక్షణల మొత్తంతో భాగించి చూడండి: రక్షణ 40 ఉన్నా 6 లేదా 7 పాయింట్లు తగులుతాయి. ఇలాంటి మార్పు ఒక్క నిమిషంలో చేసి ఆడి చూడగలగడం ఈ ఇంజిన్ బలం.

టు ద మూన్ (2011) ఆర్‌పీజీ మేకర్ ఎక్స్‌పీతో చేసిందే. ఒమోరి (2020) ఎంవీతో చేసింది. ఆ పేరు వింటేనే పెదవి విరిచేవాళ్లకి ఈ రెండూ చూపించండి.

మరి ఆర్‌పీజీ మేకర్‌లో ఎక్కడ ఇరుక్కుంటారు?

ఎక్కువగా ప్లగిన్ల (విడిగా చేర్చుకునే కోడ్ ముక్కల) దగ్గర. ఎంవీ, ఎంజెడ్ రెండూ జావాస్క్రిప్ట్‌తో నడుస్తాయి. రెండు ప్లగిన్లు ఒకే ఫంక్షన్‌ని తిరగరాస్తే జాబితాలో కింద ఉన్నది గెలుస్తుంది, పైనున్నది నోరెత్తకుండా చచ్చిపోతుంది. దొంగని పట్టుకోవడానికి సగం పద్ధతి వాడండి. 16 ప్లగిన్లుంటే 8 ఆపి చూడండి. తప్పు పోతే ఆ 8లో ఉంది, పోకపోతే మిగతా 8లో. తర్వాత 4, 2, 1. నాలుగు ప్రయత్నాల్లో దొరికిపోతుంది. ఇద్దరు దొంగలు కలిసి చేసిన పనైతే, తప్పు తెచ్చే ప్లగిన్‌ని ఉంచి మిగతావాటి మీద ఇదే మళ్లీ చేయాలి.

రెండో గుంట ప్యారలల్ ఈవెంట్లు (ఆటతో పాటు వెనక నడుస్తూ ఉండే ఆదేశాల వరుసలు). ఇవి ప్రతి ఫ్రేమ్‌కీ నడుస్తాయి. ఒక మ్యాప్‌లో ముప్పై పెడితే పాత కంప్యూటర్లు మొరాయిస్తాయి. ఒక్కోదానిలో 10 ఫ్రేముల వెయిట్ పెడితే పని పదోవంతుకి తగ్గుతుంది, ఆటలో తేడా తెలియదు.

ఇక దాని సొంత ఫైట్ పద్ధతి మీకు నచ్చక మొత్తం మార్చాలనుకుంటే ఆ ఇంజిన్ వద్దు. దానితో కుస్తీ పట్టేకన్నా గోడాట్ అనే ఇంకో ఇంజిన్‌లో కొత్తగా రాసుకోవడం తేలిక.

గోడాటా, యూనిటీనా?

ఒకరిద్దరు కలిసి 2డీ గేమ్ చేస్తుంటే గోడాట్. టీమ్‌కి సీ షార్ప్ భాష బాగా వచ్చి, కన్సోల్ మీద విడుదల ఖాయమనుకుంటే యూనిటీ. ఈ రెండు మాటలతో చాలామంది ప్రశ్న తీరిపోతుంది. తీరనివాళ్ల కోసం కొంచెం వివరం.

గోడాట్ ఎంఐటీ లైసెన్స్ కింద ఉంది. ఎంత అమ్మినా ఎవరికీ వాటా ఇవ్వక్కర్లేదు, లైసెన్స్ పాఠం గేమ్‌లో ఎక్కడో ఒకచోట చూపిస్తే చాలు. 4.0 వెర్షన్ 2023 మార్చిలో వచ్చింది. సీన్ ఫైళ్లు మామూలు టెక్స్ట్‌గా ఉంటాయి కాబట్టి ఎవరు ఏం మార్చారో గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే పనిముట్టులో) చదివి తెలుసుకోవచ్చు. మెనూలు కట్టడానికి దాని కంట్రోల్ నోడ్లు (బటన్లు, జాబితాల్లాంటి రెడీమేడ్ ముక్కలు) చాలా బాగుంటాయి. గోడాట్ ఎడిటరే వాటితో కట్టినది మరి. లోటు కన్సోళ్ల దగ్గర ఉంది: వాటి డెవలపర్ కిట్లు రహస్య ఒప్పందాల కింద ఉంటాయి, ఆ కోడ్‌ని ఓపెన్ సోర్స్‌లో పెట్టడం కుదరదు. అందుకని కన్సోల్ పోర్ట్ (గేమ్‌ని కన్సోల్ మీద నడిచేలా మార్చడం) మామూలుగా బయటి కంపెనీ సాయంతోనే చేస్తారు.

యూనిటీలో రెడీమేడ్ సరంజామా ఎక్కువ, పాఠాలు ఎక్కువ, పని తెలిసినవాళ్లు దొరకడమూ ఎక్కువే. పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ (2015), డిస్కో ఎలీసియం (2019), సీ ఆఫ్ స్టార్స్ (2023) దీనిలో చేసినవే. గోడాట్ వైపు నుంచి క్యాసెట్ బీస్ట్స్ (2023) చూడండి.

యూనిటీ ఇన్‌స్టాల్‌కి ఇంత అని వసూలు చేస్తుందటగా?

ఇప్పుడు లేదు. రన్‌టైమ్ ఫీజు అని 2023 సెప్టెంబర్‌లో ప్రకటించారు, డెవలపర్లు భగ్గుమన్నారు, 2024 సెప్టెంబర్‌లో ఎత్తేశారు. అప్పుడే ఉచిత పర్సనల్ లైసెన్స్ హద్దుని ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయానికి పెంచారు. ఏ ఇంజిన్ షరతులైనా మారవచ్చు. మీరు మొదలుపెట్టిన రోజున ఉన్న షరతుల కాపీని ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో దాచుకోండి.

3డీ అంటే అన్‌రియలేనా?

కాదు, కానీ పెద్ద 3డీ ఆర్‌పీజీకి దాని పనిముట్లు ముందుంటాయి. ఆక్టోపాత్ ట్రావెలర్ (2018) అన్‌రియల్ 4లో, క్లెయిర్ అబ్‌స్క్యూర్ (2025) అన్‌రియల్ 5లో చేశారు. రెండూ వంతులవారీ ఫైట్లే.

ఆర్‌పీజీ చేసేవాళ్లకి ఇందులో అసలు నిధి గేమ్‌ప్లే ఎబిలిటీ సిస్టమ్. ప్రాణం, మానా లాంటి విలువలు, పది సెకన్ల విషం, కొంతసేపు రక్షణ పెంచే మంత్రం, ఒకదాన్నొకటి అడ్డుకునే ట్యాగులు, ఇలాంటివన్నీ మోయడానికి చేసిన చట్రం అది. అయితే విలువల సెట్‌ని సీ ప్లస్ ప్లస్‌లో రాయాలి, బ్లూప్రింట్ (కోడ్ రాయకుండా పెట్టెలని గీతలతో కలిపే పద్ధతి) ఒక్కటే సరిపోదు. మొదటి రెండు వారాలు తల తిరుగుతుంది.

డబ్బు లెక్క: ఒక గేమ్ మొత్తం ఆదాయం 10 లక్షల డాలర్లు దాటాక, దాటినదాని మీద 5 శాతం రాయల్టీ మామూలు రేటు. 12 లక్షలు వస్తే 2 లక్షల మీద 5 శాతం, అంటే 10,000 డాలర్లు.

ఇన్‌స్టాల్‌కే పదుల గీగాబైట్లు తింటుంది. బ్లూప్రింట్లు బైనరీ ఫైళ్లు కాబట్టి ఇద్దరు ఒకేసారి ఒకే ఫైల్‌ని మారిస్తే కలపడం దాదాపు కుదరదు, ఒకరి పని పోతుంది. ఫైల్ లాక్ పద్ధతి మొదటి రోజే పెట్టుకోండి. 2డీ టైల్ గేమ్‌కి (చిన్న చదరపు ముక్కలతో కట్టినదానికి) మాత్రం అన్‌రియల్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

గేమ్‌మేకర్ సంగతి?

2డీ యాక్షన్ ఆర్‌పీజీకి హాయిగా ఉంటుంది. అండర్‌టేల్ (2015) దానిలోదే. అమ్మని గేమ్‌లకి ఉచితం, అమ్మేవాటికి ఒక్కసారి కట్టే లైసెన్స్, కన్సోల్‌కి విడిగా చందా. పెద్ద మెనూలు, జాబితాలు చేత్తో గీసుకోవాలి, అక్కడే ఓపిక కావాలి.

ఒక గోబ్లిన్‌ని కొడితే అన్ని గోబ్లిన్‌ల ప్రాణం తగ్గుతోంది. ఇది ఇంజిన్ బగ్గా?

కాదు, డేటాని పంచుకోవడం వల్ల వచ్చే తప్పు. దాదాపు ప్రతివాళ్లూ ఒకసారి చేసేదే. గోడాట్‌లో రిసోర్స్, యూనిటీలో స్క్రిప్టబుల్ ఆబ్జెక్ట్ (డేటా దాచే ఫైళ్లు), రెండూ మెమరీలో ఒకే కాపీగా ఉంటాయి. ఐదు గోబ్లిన్‌లూ ఆ ఒక్కదాన్నే చూస్తుంటాయి. ఇప్పటి ప్రాణం 30ని అందులోనే రాస్తే ఐదింటికీ అదే కనిపిస్తుంది.

మారని విలువలు (గరిష్ఠ ప్రాణం, పేరు, బొమ్మ, ఇచ్చే అనుభవం) మాత్రమే రిసోర్స్‌లో ఉంచండి. మారేవి (ఇప్పటి ప్రాణం, విషం ఎక్కిందా లేదా) ఒక్కో గోబ్లిన్ సొంత వేరియబుల్‌లో పెట్టండి. గోడాట్‌లో డూప్లికేట్ ఫంక్షన్‌తో కాపీ తీసుకోవచ్చు గానీ, విడదీయడమే శుభ్రం. యూనిటీలో ఇంకో మెలిక ఉంది: ఎడిటర్‌లో ఆడుతూ స్క్రిప్టబుల్ ఆబ్జెక్ట్‌ని మారిస్తే, ఆట ఆపాక కూడా ఆ మార్పు అలాగే మిగిలిపోతుంది. బిల్డ్‌లో (ఎడిటర్ బయట నడిచేలా తయారుచేసిన గేమ్‌లో) మిగలదు. "ఎడిటర్‌లో సేవ్ పనిచేస్తోంది, బిల్డ్‌లో పనిచేయట్లేదు" అనే మాట వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

సేవ్ ఫైల్ చివర్లో చూసుకోవచ్చా?

వద్దు. ఆర్‌పీజీలో సేవ్‌ని చివరికి నెట్టడం అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. రెండో వారానికల్లా సేవ్, లోడ్ పనిచేయాలి.

ముందుగా, దేన్నీ వరుస సంఖ్యతో గుర్తుపెట్టుకోకండి. పట్టికలో 14వ వస్తువు పెద్ద మందు అనుకుందాం. సేవ్‌లో "14" అని రాశారు. తర్వాతి అప్‌డేట్‌లో 9వ చోట కొత్త కత్తి చేర్చారు. అన్నీ ఒకటి కిందికి జరిగాయి, ఆటగాడి సంచిలో మందు ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. ప్రతి వస్తువుకీ, క్వెస్ట్‌కీ, తలుపుకీ ఎప్పటికీ మారని ఐడీ పేరు ఇవ్వండి. ఆర్‌పీజీ మేకర్‌లో అన్నీ నెంబర్లే కాబట్టి అక్కడ నియమం వేరు: విడుదలయ్యాక కొత్తవి జాబితా చివరే చేర్చాలి, వాడిన స్విచ్‌ని (ఒకటి జరిగిందా లేదా గుర్తుపెట్టుకునేదాన్ని) ఇంకో పనికి వాడకూడదు.

సేవ్ ఫైల్ మొదట్లో వెర్షన్ నెంబర్ రాయండి. లోడ్ చేసేటప్పుడు 1ని 2గా, 2ని 3గా మార్చే చిన్న ఫంక్షన్లు వరుసగా నడవాలి.

నేరుగా పాత ఫైల్ మీద రాయకండి. తాత్కాలిక ఫైల్‌లో రాసి, పూర్తయ్యాక పాతదాన్ని బ్యాకప్‌గా పేరు మార్చి, కొత్తదాన్ని దాని చోట పెట్టండి. రాస్తుండగా కరెంటు పోయినా ముందటి సేవ్ బతుకుతుంది.

ఒక్కో ఇంజిన్‌కీ ఒక్కో ఉచ్చు ఉంది. గోడాట్‌లో జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) చదివితే నెంబర్లన్నీ దశాంశాలుగా వస్తాయి, డిక్షనరీ కీలు (విలువని వెతికే గుర్తులు) అక్షరాలుగా మారతాయి. 7 అనే కీతో దాచింది "7" అయిపోతుంది, వెతికితే దొరకదు. సేవ్‌ని రిసోర్స్ ఫైల్‌గా రాయడం సుఖమే, కానీ రిసోర్స్‌లో స్క్రిప్ట్ దాగి ఉండవచ్చు. ఆటగాళ్లు ఒకరి సేవ్ ఒకరు తెచ్చుకుంటే తెలియని కోడ్ నడిచే ప్రమాదం ఉంది. యూనిటీ జేసన్ యుటిలిటీ డిక్షనరీలని అసలు రాయదు, తప్పు కూడా చూపించదు. యూనిటీలో సెట్టింగులు దాచే ప్లేయర్ ప్రెఫ్స్ విండోస్‌లో రిజిస్ట్రీలోకి వెళ్తుంది, సౌండు వాల్యూమ్ లాంటి సెట్టింగులకే దాన్ని ఉంచండి. సీ షార్ప్‌లోని బైనరీ ఫార్మాటర్ భద్రం కాదు, పాత పాఠాల్లో కనిపించినా వాడకండి.

ఇంకో సలహా: మొదటి గేమ్‌లో ఎక్కడపడితే అక్కడ సేవ్ ఇవ్వకండి. సగం నడిచిన కట్‌సీన్‌లో (కథ చూపించే దృశ్యంలో) సేవ్ చేస్తే తలుపు తెరిచి ఉండి మనిషి మాయమవడం లాంటి వింతలు పుడతాయి. సేవ్ పాయింట్లు పెడితే దాచాల్సింది బాగా తగ్గుతుంది.

గేమ్‌లో తెలుగు అక్షరాలు సరిగ్గా వస్తాయా?

ఇంజిన్‌ని బట్టి. తెలుగులో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూడాలంటే అక్షరాలని పక్కపక్కన పేర్చితే చాలదు, వాటిని కలిపి రూపం ఇచ్చే షేపింగ్ కావాలి. గోడాట్ 4, అన్‌రియల్ రెండింటిలోనూ హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ లైబ్రరీ ఉంది కాబట్టి తెలుగు ఫాంట్ ఇస్తే చక్కగా వస్తుంది. యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్‌ప్రో ఆ పని చేయదు: "క్ష" రాస్తే క పక్కన పొల్లు, దాని పక్కన ష విడివిడిగా పడతాయి. యూనిటీ 6 తరంలో యూఐ టూల్‌కిట్‌కి (మెనూలు కట్టే పనిముట్టుకి) అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ జనరేటర్ వచ్చింది, తెలుగు గేమ్ అయితే దానిమీద కట్టుకోండి.

ఆర్‌పీజీ మేకర్ ఎంవీలో మెనూ మాటలు బాగానే వస్తాయి, డైలాగ్ పెట్టెలో మాత్రం విరుగుతాయి. అక్కడ టైప్ చేస్తున్నట్టు కనిపించడానికి ఒక్కో అక్షరాన్నీ విడిగా గీస్తుంది. "ప్రశ్న" అనే మాట కంప్యూటర్‌కి ఆరు ముక్కలు: ప, పొల్లు, ర, శ, పొల్లు, న. ఆరూ విడిగా పడతాయి. ఎంజెడ్‌లో వరుస మొత్తం ఒక్కసారే చూపించే కోడ్ వాడితే గండం గట్టెక్కుతుంది, ఎంవీలో ప్లగిన్‌తో ఆ ఫంక్షన్‌నే మార్చాలి. గోడాట్‌లోనూ టైపింగ్ ఎఫెక్ట్ పెడితే ముందు ప, తర్వాత ప్, ఆపైన ప్ర అని అక్షరం ఆడుతుంది. విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్‌ని "షేపింగ్ తర్వాత" అనే రకానికి మార్చండి. పరీక్షకి స్త్రీ, జ్ఞానం, రాజ్యం, కర్త్రి అనే నాలుగు మాటలు చాలు.

పిక్సెల్ ఆర్ట్ మసకగా, వంకరగా కనిపిస్తోంది. ఎందుకు?

గేమ్ గీసే బేస్ సైజు స్క్రీన్‌కి పూర్ణాంకంలో సరిపోక. 320 × 180 తీసుకోండి: 4 రెట్లు 1280 × 720, 6 రెట్లు 1920 × 1080, 12 రెట్లు 3840 × 2160. మూడూ సరిగ్గా అతుకుతాయి. 1366 × 768 స్క్రీన్ మీద 4.27 రెట్లు అవుతుంది, అంటే కొన్ని పిక్సెళ్లు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. అక్కడ 4 రెట్లకే ఆపి చుట్టూ నల్ల పట్టీ వదిలేయడం నయం. గోడాట్‌లో స్ట్రెచ్ మోడ్ వ్యూపోర్ట్, స్కేల్ మోడ్ ఇంటీజర్, టెక్స్చర్ ఫిల్టర్ నియరెస్ట్. యూనిటీలో ఫిల్టర్ మోడ్ పాయింట్, కంప్రెషన్ నన్, పిక్సెల్ పర్ఫెక్ట్ కెమెరా. టైళ్ల మధ్య సన్నటి గీతలు మెరిస్తే, టైల్ షీట్‌లో ప్రతి టైల్ అంచునీ ఒక పిక్సెల్ బయటికి పొడిగించండి.

బ్రౌజర్‌లో ఆడించాలి. ఏవి పనికొస్తాయి?

ఆర్‌పీజీ మేకర్ ఎంవీ, ఎంజెడ్ నేరుగా. యూనిటీ, గేమ్‌మేకర్ కూడా. గోడాట్ 4లో దాని సొంత భాష జీడీస్క్రిప్ట్ అయితేనే, సీ షార్ప్ ప్రాజెక్టులు వెబ్‌కి ఎగుమతి కావు. అన్‌రియల్ 5లో అధికారికంగా వెబ్ ఎగుమతి లేదు.

వారం రోజుల్లో ఇంజిన్‌ని ఎలా పరీక్షించాలి?

ఒకే చిన్న ముక్కని రెండు ఇంజిన్లలో చేయండి. ఒక ఊరు, అందులో లోపలికి వెళ్లగలిగే ఒక ఇల్లు, ఒక గుహ. మూడు రకాల శత్రువులు, ఐదు వస్తువులు, ఒక షాపు. "గుహలో ఉంగరం తెచ్చిపెట్టు" లాంటి ఒక క్వెస్ట్, తెచ్చాక మనిషి మాట మారాలి. సేవ్, లోడ్. బొమ్మలకి రంగు పెట్టెలు చాలు, ఆర్ట్ ముట్టుకోకండి.

మొదటి రెండు రోజులు నడక, తలుపులు, డైలాగ్. తర్వాత రెండు రోజులు ఫైట్. ఐదో రోజు సంచి, షాపు. ఆరో రోజు సేవ్. ఏడో రోజు బిల్డ్ చేసి వేరే కంప్యూటర్‌లో ఆడండి. ఎడిటర్‌లో నడిచి బిల్డ్‌లో నడవనివి అప్పుడే బయటపడతాయి. చిన్నక్షరం, పెద్దక్షరం తేడా ఉన్న ఫైల్ పేర్లు విండోస్‌లో నడిచి లినక్స్‌లో ఆగిపోవడం వాటిలో మామూలుది.

చివరగా ఆరో వస్తువు చేర్చి గడియారం చూడండి. ఒక నిమిషంలో అయితే 200 వస్తువులు చేయగలరు. ఇరవై నిమిషాలు పడితే ఇంజిన్‌నో మీ పట్టికనో మార్చాల్సిందే.

సగం అయ్యాక ఇంజిన్ మారిస్తే ఏమేం మిగులుతాయి?

బొమ్మలు, సంగీతం, ఫార్ములాలు, రాసిన మాటలు. పోయేవి సీన్లు, కోడ్, మెనూలు. నష్టం తగ్గాలంటే వస్తువుల డేటాని సీఎస్‌వీ లేదా జేసన్‌లో, డైలాగుల్ని ఇంక్ లాంటి విడి భాషలో, మ్యాపుల్ని టైల్డ్ అనే విడి మ్యాప్ ఎడిటర్‌లో ఉంచండి. ఇంక్ ఓపెన్ సోర్స్, యూనిటీకి అధికారిక ప్లగిన్ ఉంది. కొన్న ఆర్ట్ ప్యాకుల లైసెన్స్ కూడా చూసుకోండి. కొన్ని ఒకే ఇంజిన్‌లో వాడాలనే షరతుతో వస్తాయి.

ఇంజిన్ కొత్త వెర్షన్ వస్తే మారాలా?

మీకు తగులుతున్న బగ్ అందులో పోయిందని తెలిస్తేనే. చిన్న ప్యాచ్‌లు వేసుకోండి, పెద్ద వెర్షన్ దూకడం గేమ్ విడుదలయ్యాకే. మారే ముందు గిట్‌లో వేరే శాఖ తీసి అక్కడ తెరవండి. ఒకసారి కొత్తదానిలో సేవ్ అయిన సీన్లు పాతదానిలో తెరుచుకోకపోవచ్చు. యూనిటీ అయితే మెటా ఫైళ్లు (ఒక్కో ఫైల్ గుర్తింపు దాచేవి) గిట్‌లో తప్పక ఉండాలి, లైబ్రరీ ఫోల్డర్ ఉండకూడదు. మెటా ఫైళ్లు వదిలేస్తే ఇంకో కంప్యూటర్‌లో తెరిచిన మరుక్షణం బొమ్మలు, స్క్రిప్టుల లంకెలన్నీ తెగిపోయి కనిపిస్తాయి.